ఏ చేనుకూ చెందని ఖర్చు

ల్యాబ్‌లో అందరికీ ఇచ్చిన డేటా అడ్వెంచర్ వర్క్స్ అనే కంపెనీది. నేర్చుకునేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ సృష్టించిన ఉత్తుత్తి సైకిళ్ల కంపెనీ అది. లేని సైకిళ్లు లేనివాళ్లకి అమ్మితే ఎంత మిగిలిందో లెక్క కట్టడం రెండు వారాలకే విసుగొచ్చింది. అప్పుడే నాన్న ఖాతా పుస్తకం గుర్తొచ్చింది. పోయినసారి ఇంటికెళ్లినప్పుడు పేజీలన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసుకొచ్చా.

మాది ఖమ్మం దగ్గర పల్లె. పుస్తకంలో తేదీ, ఖర్చు, పక్కన చేను పేరు ఉంటాయి. "మందు 2,350 బావి చేను", "కలుపు కూలీలు ఆరుగురు 1,800 రోడ్డు పొలం". ఇలా 212 వరుసలు. మొదటి సగం నా రూమ్మేట్, రెండో సగం నేను, రెండు రాత్రులు కూర్చుని కొట్టాం.

నాన్నకి కావాల్సిన జవాబు ఒక్కటే. ఉగాదిలోపు కౌలు చేను ఉంచుకోవాలా, వదిలేయాలా? "ఈసారి చేతిలో ఏం మిగల్లే. అంతా ఆ కౌలు చేనే మింగింది" అంటాడు.

పవర్ బీఐలో రెండు టేబుళ్లు పెట్టా. 'చేలు'లో నాలుగు వరుసలు, 'ఖర్చులు'లో 212. చేను పేరుతో రెండింటినీ కలిపి, చేలు టేబుల్‌లో కొత్త కాలమ్ పెట్టి, సమ్(ఖర్చులు[మొత్తం]) అని రాశా. నాలుగు చేలకీ ఒకటే అంకె వచ్చింది: 4,86,450.

డ్యాక్స్ అనే ఈ ఫార్ములా భాష 2010లో ఎక్సెల్ పవర్ పివట్‌తో పాటు వచ్చింది. చూడ్డానికి ఎక్సెల్ లాగే ఉంటుంది, అక్కడే మోసపోతాం. కాలమ్ లెక్క కట్టేటప్పుడు తను ఏ చేను వరుసలో ఉందో దానికి తెలుసు. తెలిసినంత మాత్రాన ఖర్చుల్ని ఆ చేను వరకే వడకట్టదు. సమ్ కనబడిందంతా కూడేస్తుంది. వడకట్టమని మనమే చెప్పాలి:

సమ్‌ఎక్స్(రిలేటెడ్‌టేబుల్(ఖర్చులు), ఖర్చులు[మొత్తం])

రిలేటెడ్‌టేబుల్ ఈ చేనుకి చెందిన ఖర్చులే తెస్తుంది, సమ్‌ఎక్స్ వాటిని ఒక్కొక్కటిగా కూడుతుంది. పాత సమ్ చుట్టూ కాల్క్యులేట్ తొడిగినా ఇదే జవాబు, ఎందుకంటే కాల్క్యులేట్ మనమున్న వరుసనే ఫిల్టర్‌గా మార్చేస్తుంది. వైవాలో దీన్ని కాంటెక్స్ట్ ట్రాన్సిషన్ అనాలి. నేను అనలేకపోయా, అది వేరే కథ.

ఇప్పుడు అంకెలు విడిపోయాయి. కానీ కూడితే పాత మొత్తం రావట్లేదు. నాన్న కొన్నిచోట్ల 'బాయి చేను' అని రాశాడు, మేం అలాగే కొట్టేశాం. అవి దిద్దాక బావి చేను 1,38,200. రోడ్డు పొలం 96,750. చింతచెట్టు చేను 54,300. కౌలు చేను, కౌలుతో సహా, 1,13,200. మొత్తం 4,02,450. ఇంకా 84,000 తక్కువ.

తల్లి టేబుల్‌లో పేరు దొరకని పిల్ల వరుసల్ని డ్యాక్స్ పారేయదు. వాటి కోసం తల్లి టేబుల్‌లో కనబడని ఖాళీ వరుస ఒకటి పెట్టుకుంటుంది. నా కాలమ్‌లో అది కనబడలేదు గానీ, చార్ట్ గీస్తే బ్లాంక్ అనే పేరుతో ఐదో బార్ లేచింది. దాని వెనకున్న వరుసలు చూశా. రెండే. హాస్టల్ 38,000. లాప్‌టాప్ 46,000. చేను పేరు ఉండాల్సిన చోట నాన్న చిన్న గీత పెట్టాడు. రెండూ రూమ్మేట్ కొట్టిన సగంలోవి. తను నాకు చెప్పలేదు.

ఆ 46,000 అప్పుడు నా ఒళ్లోనే ఉంది.

కౌలు చేను పత్తి అమ్మితే 1,22,500 వచ్చింది. ఖర్చు పోను 9,300 మిగిలినట్టే. మింగింది ఆ చేను కాదని చెప్పాలంటే మరి మింగిందెవరో కూడా చెప్పాలి. ఫోన్‌లో నోరు రాలేదు. శనివారం బస్సెక్కా.

మంచం మీద లాప్‌టాప్ పెట్టి చూపించా. నాన్న బ్లాంక్ బార్ వైపు చూసి "అది నాకెరుకే. ఏ చేను ఖర్చని రాయాలె బిడ్డా?" అని, కౌలు చేను దగ్గర వేలు పెట్టాడు. "తొమ్మిది వేలా? మింగలేదన్నమాట."

నాకు కొంచెం గర్వమేసింది. అంతలో గుమ్మంలోంచి అమ్మ అంది: "నేను పోయిన రోజులు కలిపినవా?"

కలపలేదు. అమ్మకి ఎవరూ కూలి ఇవ్వరు, కాబట్టి పుస్తకంలో లేదు. పుస్తకంలో లేనిది బ్లాంక్‌లోకి కూడా రాదు. నాన్న కూడా ఏం మాట్లాడలేదు.

ఉగాదికి రెండు రోజుల ముందు నాన్న ఫోన్ చేశాడు. కౌలు చేను రెండున్నర ఎకరాల్లో ఒక్క ఎకరమే ఉంచుకున్నాడట. చేలు టేబుల్‌లో విస్తీర్ణం మార్చా. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే అమ్మ గుర్తు చేసుకుని చెబుతోంది, నేను రోజుకి 300 చొప్పున ఖర్చుల్లో ఎక్కిస్తున్నా. పత్తి గింజలు పెట్టిన జూన్ నుంచి మొదలెట్టాం. ఇప్పటికి నవంబర్ దాకా వచ్చాం.