కొళత్తూరు తొట్ల మధ్య

ఉత్తర చెన్నైలోని కొళత్తూరులో రంగు చేపల పెంపకం ఇంటిల్లిపాదీ చేసే పని. పెరట్లో, మేడ మీద, రెండిళ్ల మధ్య సందులో, జాగా ఉన్నచోటల్లా సిమెంటు తొట్టే. నేను చూడాలనుకున్నది మాత్రం ఆ చేపలకు వేసే బతికున్న మేతను.

నేను వెళ్లిన ఇంటివాళ్లు తాతల కాలంలో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డవారు. ఇంటావిడ నన్ను ముందు ఒక వెడల్పాటి పళ్లెం దగ్గరికి తీసుకెళ్లారు. ఎర్రగా ముద్దకట్టిన ట్యూబిఫెక్స్ పురుగుల మీద కొళాయి నీళ్లు సన్నగా పడుతున్నాయి.

"మురుగు కాల్వలోంచి పట్టి తెచ్చినవి సార్. తెచ్చిన రోజే వేస్తే చేప కడుపులోకి ఆ కాల్వే పోతుంది" అన్నారు.

ఈ పురుగు తల బురదలో దూర్చి, తోక నీళ్లలో ఆడిస్తూ బతుకుతుంది. తినేదీ ఆ బురదే. రెండు మూడు రోజులు పారే నీళ్లలో ఉంచితే పేగుల్లోని మురికి పోతుంది, చచ్చినవాటిని ఏరేయొచ్చు. కానీ సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఒంటికి పట్టాయంటే ఎంత కడిగినా పూర్తిగా వదలవు. పురుగులు అమ్మే ప్రతి దుకాణంలోనూ ఈ మాట కొనేవాళ్లకు చెప్పి తీరాలి.

చెరువులో వలేసి తెచ్చే మేతను ఆవిడ గుమ్మం లోపలికే రానివ్వరు. అందులో తూనీగ పిల్లలుంటే చేపపిల్లల్ని పట్టి తినేస్తాయి. సైక్లాప్స్ అనే సూక్ష్మ నీటి ప్రాణులతో మరో బెడద. కమలానస్ అనే పేగుపురుగు పిల్లల్ని అవి మోసుకొస్తాయి. గప్పీ చేప మలద్వారం దగ్గర సన్నటి ఎర్ర దారాలు వేలాడుతుంటే ఆ పురుగు పట్టిందని అనుమానించాలి. మన పల్లెల్లో దిగుడుబావి నీళ్లు తాగినవాళ్లకు నారికురుపు వచ్చిందీ సైక్లాప్స్ వల్లే. నీళ్లు గుడ్డతో వడకట్టుకోవడం, బావుల్ని బాగుచేయడం లాంటి జాగ్రత్తలతో ఆ పీడ వదిలింది. 2000లో భారతదేశం దాని నుంచి విముక్తమైందని ప్రకటించారు.

ఆవిడకు నమ్మకమంతా ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యజాతి ప్రాణి మీదే. అడుగు కోసి తలకిందులుగా వేలాడదీసిన ప్లాస్టిక్ సీసాల్లో లీటరుకు 25 నుంచి 30 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు, కింది నుంచి ఆగకుండా గాలి బుడగలు. 28 డిగ్రీల వేడిలో ఒక రోజు గడిస్తే గుడ్లు పగిలి, అర మిల్లీమీటరైనా లేని పిల్లలు బయటికొస్తాయి. నా ముందే గాలి ఆపి, సీసా అడుగున దీపం పెట్టారు. ఖాళీ పెంకులు పైకి తేలాయి, పిల్లలు వెలుతురు వైపు దిగాయి. గొట్టంతో లాగి, సన్నటి వలగుడ్డలో మంచినీళ్లతో కడిగారు. పెంకులు కలిస్తే చేపపిల్లల పేగులకు అడ్డం పడతాయట. ఉప్పునీటి ప్రాణి కాబట్టి మంచినీటి చేపల పరాన్నజీవులు దీని వెంట రావడం అరుదు. పుట్టిన కొద్ది గంటల్లోనే వేసేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఒంట్లోని పచ్చసొన కరిగి మేతలో సత్తువ తగ్గుతుంది.

డబ్బాల్లో అమ్మే ఆర్టీమియా గుడ్లు ఖరీదే. చిన్న పెంపకందారులు కాల్వ పురుగుల్నే నమ్ముకుంటున్నారంటే తప్పు వాళ్లది కాదు. అయినా కనీసం చేపపిల్లల వరకైనా ఈ ఖర్చు పెట్టడమే న్యాయమని నాకు గట్టిగా అనిపించింది.

"ఒక విడతకు ఎంత వేస్తారు?" అని అడిగాను.

"కొలత లేదు సార్, పొట్టలు చూస్తాం" అంటూ చెంచాతో కొద్దిగా పోశారు. కాసేపటికి చేపపిల్లల పొట్టలు నారింజరంగుకు తిరగగానే ఆపేశారు. మిగిలిన ఆర్టీమియా మంచినీటిలో కొన్ని గంటలకే చచ్చి నీళ్లను పాడుచేస్తుంది. అందుకని తొట్టి అడుగున చేరినదాన్ని గొట్టంతో లాగేసి, మలి విడత సాయంత్రానికి ఉంచారు.