మ్యూజియంలో మూడు పటాలు

2007 సంక్రాంతి సెలవుల్లో నేను మా చెల్లి ఆటని చెరిపేశాను. పొరపాటున జరిగింది కాదు, చూసి చూసి చేశాను. అప్పటికి నాకు పదహారేళ్ళు, తనకి పన్నెండు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈమధ్య ఆఫీసులో భోజనాల దగ్గర ఒక కుర్రాడు పోకెమాన్ ఆటల గురించి మాట్లాడుతూ, పోట్లాటలు తప్ప మిగతా హంగులన్నీ దండగని, అవి తీసేస్తే ఆట బాగుపడుతుందని చాలా నమ్మకంగా చెప్పాడు. ఒకప్పుడు నేనూ అదే మాట అదే నమ్మకంతో అనేవాణ్ణి. వాడితో వాదించాలనిపించింది గానీ, వాదించాలంటే ముందు ఈ కథ చెప్పాలి. ఆఫీసు క్యాంటీన్‌లో చెప్పే కథ కాదిది.

ఈ ఆటలు ఆడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1996లో జపాన్‌లో మొదలైన పోకెమాన్ ఆటల్లో మనం ఊరూరా తిరుగుతూ వింత జీవుల్ని పడతాం, పెంచుతాం, ఎదుటివాళ్ళ వాటితో పోటీకి దింపుతాం. ఎనిమిది జిమ్ములు గెలిస్తే ఎనిమిది బ్యాడ్జీలు. ఆ తర్వాత నలుగురు ఉద్దండులు, వాళ్ళపైన ఛాంపియన్. ఇదీ రాజమార్గం. దాని పక్కన ప్రతి ఆటలోనూ కొన్ని సందులుంటాయి. జూదం మిషన్లున్న గేమ్ కార్నర్, పోట్లాట లేకుండా ఎర వేసో రాయి విసిరో జీవుల్ని పట్టాల్సిన సఫారీ జోన్, పళ్ళ మొక్కలు, అందాల పోటీలు. మన పోలికలో చెప్పాలంటే కోడిపందాల బరి పక్కనే ఒంగోలు గిత్తల అందాల పోటీ పెట్టినట్టు. బరి చుట్టూ మూగినవాళ్ళకి ఆ పక్కన ఏం జరుగుతోందో పట్టదు.

మా ఇల్లు మద్దిలపాలెంలో, ఆర్టీసీ డిపో వెనక వీధుల్లో. 2006 వేసవిలో, పదో తరగతి పరీక్షలయ్యాక, స్నేహితుడిచ్చిన సీడీలో ఒక ఎమ్యులేటరూ, ‘పోకెమాన్ ఎమరాల్డ్’ ఆటా దొరికాయి. గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే యంత్రాన్ని అప్పటికి నేను కళ్ళతో చూడలేదు. కార్టూన్ నెట్‌వర్క్‌లో పికాచూని చూస్తూ పెరిగిన మాబోటి వాళ్ళకి ఆట అంటే ఆ దొంగ కాపీయే. నేను 38 గంటల్లో ఛాంపియన్‌ని కొట్టేశాను. జూన్‌లో ఇంటర్ పేరు చెప్పి నన్ను హాస్టల్లో పడేశారు. వెళ్ళేముందు చెల్లితో, “నాది అయిపోయిందే, నువ్వు కొత్తగా మొదలెట్టుకో” అన్నాను. ఎమరాల్డ్‌లో ఒక్కరి ఆట దాచుకోడానికే చోటుంటుంది. తనది మొదలవ్వాలంటే నాది పోవాలి. పోనిచ్చాను. అందులో నా గొప్పతనం ఏమీ లేదు, నాకు దాంతో పనైపోయింది.

దసరాకి ఇంటికొస్తే తలుపు దగ్గరే పట్టుకుంది. “అన్నయ్యా, నా మొక్కలు ఎదగట్లేదు. ఎన్ని నీళ్ళు పోసినా అలాగే ఉన్నాయి. ఏటి చెయ్యాలి?”

ఆ ఆటలో పళ్ళ మొక్కలు నిజమైన గడియారాన్ని బట్టి పెరుగుతాయి. అసలు క్యాసెట్‌లో దానికో చిన్న బ్యాటరీ ఉంటుంది. మా ఎమ్యులేటర్‌లో ఆ గడియారం ఆఫ్‌లో ఉంది. మెనూలో వెతికి పట్టుకుని ఆన్ చేశాను. మర్నాడు పొద్దున్నే కాయలు కాశాయని అమ్మని కూడా పిలిచి చూపించింది. అమ్మ పోపు మాడిపోతోందని చూసీ చూడకుండా వెళ్ళిపోయింది. నేను నవ్వాను. నాలుగు నెలలుగా ఆడుతూ ఈ పిల్ల చేస్తున్నది తోటపనా అని.

తను చేస్తున్నదేమిటో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. ఎమరాల్డ్‌లో ఫీబస్ అని ఒక చేప ఉంటుంది. గోధుమరంగు మచ్చలతో, చిరిగిన రెక్కలతో, చూడ్డానికి దిక్కుమాలినట్టు ఉంటుంది. 119వ నంబరు దారిలో పొడుగాటి నది ఉంది. ఆ నదిలో వందలాది గళ్ళుంటే, ఆరంటే ఆరు గళ్ళలోనే ఆ చేప పడుతుంది. ఆ ఆరు గళ్ళు ఏవన్నది ఎక్కడో ఒక దీవిలో జనం నోళ్ళలో నానుతున్న మాటని బట్టి మారుతుంది. ఇంత కష్టపడి పట్టినా అది పోట్లాటలో ఎందుకూ కొరగాదు. ఎన్ని పందాలు గెలిపించినా మారదు. దాని ‘అందం’ కనీసం 170కి చేరాలి, ఆ తర్వాత ఒక్క లెవెల్ పెరగాలి. అప్పుడది మైలోటిక్ అవుతుంది. ఆ లోకంలో అంతకన్నా అందమైన జీవి లేదంటారు.

అందం పెరగాలంటే పళ్ళు పండించి, వాటిని రుబ్బి, పోకెబ్లాకులనే మిఠాయిలు చేసి తినిపించాలి. ఒక జీవి తినగలిగిన మిఠాయిలకి హద్దుంది. నాసిరకంవి పెట్టి కడుపు నింపేస్తే ఇక ఆ చేప ఆ దారిన ఎప్పటికీ మైలోటిక్ కాదు. కాబట్టి ఓపిక కావాలి, మంచి పళ్ళు కావాలి, రుబ్బేటప్పుడు ముల్లు గురి మీదకొచ్చిన క్షణానే బటన్ నొక్కాలి.

ఆ మిఠాయిలన్నీ అసలు లిలీకోవ్ ఊళ్ళోని పోటీల కోసం. కూల్, బ్యూటీ, క్యూట్, స్మార్ట్, టఫ్ అని ఐదు రకాల పోటీలు, ఒక్కోదానికి నాలుగు మెట్లు. ఒక్కో పోటీలో నలుగురు. మొదట రూపం చూస్తారు, తర్వాత ఐదు విడతలు ప్రదర్శన. పోట్లాటలో వాడే విద్యలే ఇక్కడా వాడతాం గానీ లెక్కలు వేరు. ముందు వానని పిలిచి, తర్వాతి విడతలో అల విసిరితే చప్పట్లు రెట్టింపు. ఎదుటివాణ్ణి పడగొట్టడం ఉండదు. మహా అయితే కంగారుపెట్టొచ్చు.

సంక్రాంతికి నేను హాస్టల్ నించి కొత్త సంగతి మోసుకొచ్చాను. ఛాంపియన్‌ని గెలిచాక ఎమరాల్డ్‌లో ‘బ్యాటిల్ ఫ్రంటియర్’ అని ఒక దీవి తెరుచుకుంటుందట. ఏడు భవనాలు, ఏడు రకాల యుద్ధ నియమాలు, ఒక్కోచోట ఒక్కో మహావీరుడు. నేను ఛాంపియన్‌ని కొట్టి ఆట కట్టేశాను కాబట్టి ఆ దీవి మొహం చూడలేదు. సెలవులు ఐదు రోజులు. కంప్యూటర్ తెరిస్తే చెల్లి ఆట వివరాలు కనిపించాయి: ఆరు బ్యాడ్జీలు, 140 గంటలు. 38 గంటల్లో పూర్తయ్యే ఆటలో 140 గంటలకి ఆరు బ్యాడ్జీలా! ఈ పిల్ల ఎక్కడో ఇరుక్కుపోయింది, ఇక ఆడదులే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, అనుకోవడం నాకు వీలుగా ఉందా అంటే ఇప్పుడు చెప్పలేను.

తను పిన్ని వాళ్ళింటికి, ఎంవీపీ కాలనీకి వెళ్ళిన మధ్యాహ్నం కొత్త ఆట మొదలుపెట్టాను. మొదటిసారి సేవ్ చేస్తుంటే ఆట హెచ్చరించింది: ఇక్కడ వేరేవాళ్ళ ఆట ఉంది, ఇప్పుడు దాస్తే అది పోతుంది అని. ఎస్ నొక్కాను.

సాయంత్రం తను వచ్చి కుర్చీలో కూచుని, తెర మీద నా పేరు చూసింది. నేను అప్పటికే అబద్ధం సిద్ధం చేసుకున్నాను. ఆ ఎమ్యులేటర్ వాడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, సేవ్ సైజు సరిగ్గా పెట్టకపోతే ‘1ఎం సబ్‌సర్క్యూట్ బోర్డ్’ లేదంటూ ఒక ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ వచ్చి నీ ఆట పోయిందన్నాను. తను ఏడవలేదు. “బోర్డ్ అంటే ఏటి? కొనొచ్చా?” అని అడిగింది. దొరకదన్నాను. మళ్ళీ ఆ ఆట జోలికి రాలేదు.

ఇంజనీరింగ్ అయ్యి ఉద్యోగంలో చేరాక, ఊరికే కుతూహలంతో ఆ ఆట సేవ్ ఫైలు ఎలా ఉంటుందో చదివాను. మొత్తం 128 కిలోబైట్లు. ఆటని రెండు గదుల్లో మార్చి మార్చి రాస్తుంది, సేవ్ మధ్యలో కరెంటు పోతే పాత గదిలోదైనా మిగలాలని. అంటే నేను మొదటిసారి ఎస్ నొక్కినప్పుడు తన ఆట రెండో గదిలో ఇంకా ఉండే ఉంటుంది. రెండోసారి సేవ్ చేసినప్పుడు పోయింది. మధ్యాహ్నం నించి సాయంత్రం దాకా నేను ఎన్నిసార్లు సేవ్ చేశానో!

పక్క హంగుల మీద జనం ఎందుకు కొట్టుకుంటారో ఇప్పుడు కొంత తెలుస్తోంది. కొన్ని హంగులు రాజమార్గానికి అడ్డంగా కూచుంటాయి. మొదటి ఆటల్లో నీళ్ళు దాటే విద్య కావాలంటే సఫారీ జోన్‌లో 500 అడుగుల లెక్క మించకుండా ఆ మూల ఇంటిదాకా నడవాల్సిందే. పోరీగాన్ కావాలంటే గేమ్ కార్నర్ నాణేలు ఉండాల్సిందే. పోట్లాటరాయుళ్ళకి మైలోటిక్ కావాలన్నా ముందు వంటింట్లోకి వెళ్ళాలి. అక్కడే మంట. మరికొన్ని హంగులు ఎక్కడికీ తీసుకెళ్ళవు. అవి దండగన్న పేరు తెచ్చుకుంటాయి. అంటే పనికొస్తే బలవంతం, పనికిరాకపోతే వృథా. ఈ రెండు తిట్లూ రాజమార్గంలో నిలబడి తిట్టేవే.

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం ఉంటుంది. అవధాని సమస్యాపూరణలో మునిగి ఉండగా ఒకాయన లేచి సంబంధం లేని ప్రశ్నేదో వేస్తాడు. పద్యం కోసం వచ్చినవాళ్ళకి చిరాకు. మా తాతయ్య మాత్రం అది వినడానికే వెళ్ళేవారు. పద్యాలు రేపు ఎవరైనా చెప్తారు, ఆ జవాబు మళ్ళీ వినలేం అనేవారు. అవధానం పద్యాలదా, ఆ చమత్కారానిదా అంటే, ఎవరు ఎందుకొచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. దారులు తెరుచుకోగానే బయల్దేరి ఇంటికొచ్చాను. కిటికీ అద్దాలు లేవు. కిటికీ కింద పెట్టిన పాత సీపీయూలో నీళ్ళు. కరెంటు లేదు. రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని వరండాలో కూచున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, రూబీ, సఫైర్ ఆటల్ని కొత్తగా చేసి వచ్చే నెలలో విడుదల చేస్తున్నారని, అందాల పోటీలు మళ్ళీ పెడుతున్నారని చెప్పాను.

“నాదేదో బోర్డ్ పోయింది కదా,” అంది నవ్వుతూ.

చీకట్లో చెప్పడం తేలిక. చెప్పేశాను. తను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “చెరిపేముందు మ్యూజియం పైకెళ్ళి చూశావా?” అని అడిగింది. ఏ మ్యూజియం అన్నాను.

లిలీకోవ్‌లో ఒక మ్యూజియం ఉంది. నేను దాని పక్కనించే నడిచి వెళ్ళాను, పోట్లాటకి ఎవరూ దొరకరని లోపలికి పోలేదు. అన్నిటికన్నా పై మెట్టు పోటీలో బాగా గెలిస్తే ఒక చిత్రకారుడొచ్చి మన జీవి బొమ్మ గీస్తాడు. ఆ పటాన్ని మ్యూజియం పై అంతస్తులో తగిలిస్తారు. ఐదు రకాలకి ఐదు పటాలు. “మూడు పెట్టాను,” అంది. “మైలోటిక్‌ది ఒకటి. ఇంకో రెండుంటే అయిపోయేది.”

తను ఎక్కడా ఇరుక్కోలేదు. ఆట చివరికి వచ్చేసింది. తన చివర వేరే చోట ఉంది, అంతే.

నవంబర్ 21న కొత్త ఆటలు వచ్చాయి. సహోద్యోగి దగ్గర 3డీఎస్ అప్పు తీసుకుని మొదలుపెట్టాను. పోటీలు ఉన్నాయి. బ్యాటిల్ ఫ్రంటియర్ లేదు. ఎప్పుడో కడతామన్నట్టు దాని నమూనా ఒకటి మాత్రం పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. మరీ రాజమార్గం దాటి ఎవరాడతారనుకున్నారో ఏమో! అది ఉంటే ఎవడికి నష్టమని స్నేహితులకి పేజీలకొద్దీ మెయిల్ రాశాను. రాసి చదువుకుంటే అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘మేం ఆడేదంతా అక్కడే కదా.’ ఫ్రంటియర్ కూడా పక్క సందే. కథ అయిపోయాక తెరుచుకునే సందు. ఆ ఎమరాల్డ్‌లో అంతకుముందు రూబీ, సఫైర్‌లలో నాలుగు ఊళ్ళలో ఉన్న పోటీ హాళ్ళలో మూడింటిని తీసేసి, వాటి చోట యుద్ధ గుడారాలు వేశారు. నావాళ్ళ కోసం వాళ్ళ హాళ్ళు పోయాయి. పదేళ్ళకి నా దీవి పోయింది. అప్పుడు గానీ ఆ హాళ్ళ సంగతి నా కంటికి ఆనలేదు.

ఇంకో సంగతి. ఎమరాల్డ్‌లో ఛాంపియన్ పేరు వాలెస్. అతని దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా పై లెవెల్‌ది మైలోటిక్. దాన్ని నేను 2006లోనే ఓడించాను. అదెక్కడిదో, ఎవరు ఎన్ని పళ్ళు పండించి పెంచితే అలా అయిందో అడగాలని తోచలేదు.

పోయిన నెలలో ఎమరాల్డ్ మళ్ళీ మొదలుపెట్టాను. నదిలో ఒక్కో గడీలో గాలం వేస్తూ తొమ్మిది రాత్రులు కూచుంటే ఫీబస్ పడింది. చెల్లి ఇప్పుడు బెంగళూరులో ఉంటుంది. ఫోన్ చేసి ఏ పళ్ళు పెట్టాలని అడిగాను.

“చెస్టో వెయ్యి, నీలం మిఠాయి వస్తుంది. కానీ అదొక్కటే పెట్టి కడుపు నింపెయ్యకు, ఇంకా మంచివి దొరుకుతాయి. ముందు చేప స్వభావం చూశావా? కొన్నిటికి ఆ రుచి నచ్చదు.”

చూడలేదు. ఫోన్ పట్టుకునే చూశాను. దానికి నచ్చదు.

“అయితే ఇంకోటి పట్టుకో,” అంది.