పాట పుట్టిన గదులు వెదుక్కుంటూ... మద్రాసు ప్రయాణం!

మద్రాసు వెళ్ళేవాళ్ళు ఏం చూస్తారు? మెరీనా బీచి చూస్తారు, పాండీబజారులో చీరలు కొంటారు, తిరుగు రైలెక్కుతారు. ఒకప్పుడైతే స్టూడియో గేటు ముందు నిలబడి, ఏ హీరోగారి కారు అద్దమైనా కిందికి దిగకపోతుందా అని ఎండలో మాడేవాళ్ళు. ఆ పుణ్యం కట్టుకున్న పెద్దమనుషులు మా మెదక్‌లో ఇప్పటికీ ఉన్నారు. నేనూ మా అన్నా ఈసారి వేసుకున్న ప్లాను మాత్రం వేరు. హీరోలతో మాకు పనిలేదు. కొందరు కుర్రాళ్ళు కలిసి నడిపిన ఒక పాట ట్రూపు ఉండేది. దాని జాడలు వెదకాలి!

ఏ ట్రూపంటారా? మద్రాసులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న రోజుల్లో నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపు. పాట బాలుది. హార్మోనియం మీద అనిరుద్ధ. గిటారు మీద, తర్వాత హార్మోనియం మీద ఒక బక్కపలచని కుర్రాడు... అతని పేరు ఇళయరాజా! తాళవాద్యాలు అతని అన్న భాస్కర్, ఇంకో గిటారు తమ్ముడు గంగై అమరన్. ఊరూరా స్టేజీ ప్రోగ్రాములు. ఒక్క ట్రూపులో అంతమంది ఉండటం చూస్తే దేవుడు తీరిగ్గా కూర్చుని పేకముక్కలు పంచినట్టు లేదూ?

1983లో వచ్చిన ‘సాగరసంగమం’కి సంగీతదర్శకుడిగా ఇళయరాజాకీ, గాయకుడిగా బాలుకీ జాతీయ బహుమతులు వచ్చాయి. 1988 ‘రుద్రవీణ’కి మళ్ళీ అదే జోడీ, మళ్ళీ అవే రెండు బహుమతులు. ఒకే స్టేజీ మీద మైకు తీగలు సర్దుకున్న ఇద్దరు మిత్రులకి ఇలా జరగడం మామూలు విషయం కాదు.

ఈ ప్లాను మా అన్న బుర్రలో ఎలా పుట్టిందో చెప్పాలి. అన్న మెదక్‌లో ఆర్కెస్ట్రా నడుపుతాడు, కీబోర్డు వాయిస్తాడు. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు, గణేశ్ నవరాత్రులు, చర్చి దగ్గర క్రిస్మస్ రోజుల్లో కచేరీలు. ఇప్పుడు పిలిచేవాళ్ళు తగ్గారు. డీజే పెట్టెలు రెండు తెచ్చి పడేస్తే బారాత్ అయిపోతోంది, అయిదుగురికి అన్నాలు పెట్టి డబ్బులివ్వడం ఎవరికి కావాలి? గిటారు వాయించే అబ్బాయి హైదరాబాదులో కొరియర్ పని చూసుకున్నాడు. సిద్దిపేట నుంచి ఒక కుర్రాడు కీబోర్డు కొంటానని వచ్చాడు, బేరం పద్దెనిమిది వేలకి తెగింది. “ఇచ్చెయ్యరాదు, పిల్లల ఫీజులన్న కడ్తం” అంది వదిన. ఆమె మాటలో తప్పేం లేదు. అన్న గంటసేపు మాట్లాడలేదు. తర్వాత నాతో, “తమ్మీ, అమ్ముడు అమ్ముత గానీ, అంతకుముందు ఒక్కపారి మద్రాసు పోయొద్దామా?” అన్నాడు.

ఇక లెక్కలు మొదలు. ఇంగ్లండులో బీటిల్స్ అభిమానులకి ఈ బాధ లేదు. లివర్‌పూల్‌లో లెనన్ పెరిగిన ఇల్లు, మెకార్ట్నీ పెరిగిన ఇల్లు నేషనల్ ట్రస్టువాళ్ళు భద్రంగా దాచారు, టిక్కెట్టు పెట్టి చూపిస్తారు. వాళ్ళు వాయించిన కావెర్న్ క్లబ్బుని 1973లో మూసి పడగొట్టినా, 1984లో పాత ఇటుకలు ఏరి మరీ మళ్ళీ కట్టుకున్నారు. రాత్రికి పడుకోవాలంటే బీటిల్స్ పేరు మీద నడిచే హోటలే ఉంది, 2008 నుంచి. మన మద్రాసులో మ్యాపు చేతికిచ్చేవాడు లేడు, బస్సులో తిప్పేవాడు అంతకన్నా లేడు. మ్యాపు మనమే గీసుకోవాలి.

ప్రయాణం సులువే. 2022లో మెదక్‌కి రైలొచ్చింది, కాచిగూడ దాకా దిగుల్లేదు. సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారి ఎగ్మూరు. అక్కడ మెట్రో ఎక్కితే రైలు మారకుండా వడపళని.

బస దగ్గరే పేచీ. నేను వడపళని అన్నాను. మురుగన్ గుడి చుట్టూ లాడ్జీలుంటాయి, ఏవీఎం నడిచిపోయేంత దగ్గర, సాలిగ్రామం ఆటోకి పది నిమిషాలు. అన్న మైలాపూరు అన్నాడు. ఎందుకంటే అక్కడి సాయి లాడ్జిలో ధన్‌రాజ్ మాస్టారు ఉండేవారు. పల్లెటూరి నుంచి వచ్చిన ఇళయరాజాకి పాశ్చాత్య సంగీతం, స్వరాలు కాగితం మీద రాయడం నేర్పింది ఆయనే. తర్వాతి రోజుల్లో ఎ.ఆర్. రెహమాన్ కూడా ఆయన దగ్గర కూర్చున్నవాడే. ఒక లాడ్జి గదిలో అద్దెకుండి మాస్టారు చెప్పిన పాఠాలు దక్షిణాది పాట నడకనే మార్చేశాయి! “రూము సూడకపోయినా మంచిదేరా, ఆ గల్లీల ఒక రాత్రి పండుకుంటే సాలు” అన్నాడు అన్న. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మొదటి రాత్రి మైలాపూరు, రెండో రాత్రి వడపళని అని తేలింది.

చూడాల్సిన చోట్లలో సగం ఇప్పుడు లేవు. ఇది ముందే తెలిసి వెళ్ళాలి, లేకపోతే మనసు చివుక్కుమంటుంది. బాలు మొదటి సినిమాపాట ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ కోసం 1966 డిసెంబరులో రికార్డయింది, గురువు కోదండపాణి సంగీతంలో. అప్పటి విజయా-వాహినీ స్టూడియోల స్థలంలో ఇవాళ ఆసుపత్రి, షాపింగ్ మాలు. మాలు మూడో అంతస్తులో కాఫీ తాగుతూ, కింద ఎక్కడో మాయాబజార్ సెట్టు ఉండేదని ఊహించుకోవాలి. సాలిగ్రామంలో ప్రసాద్ స్టూడియో ఉంది. దాన్లో ఇళయరాజా దశాబ్దాలపాటు పాటలు కట్టిన థియేటరు ఇప్పుడు ఆయనది కాదు. కోర్టుదాకా వెళ్ళి, చివరికి 2021లో ఎం.ఎం. ప్రివ్యూ థియేటర్ కొని సొంత స్టూడియో పెట్టుకున్నారు. రెండు గేట్లనీ బయటి నుంచే చూసి, నమస్కారం పెట్టి వస్తాం. లోపలికి పోనిస్తారన్న ఆశ నాకు లేదు, అన్నకి కొంచెం ఉంది.

నుంగంబాక్కంలో బాలు ఇల్లున్న కాందార్ నగర్ వీధికి ఆయన పేరు పెడుతున్నట్టు 2024లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. తెలుగు గాయకుడి పేరు తమిళ వీధికి! మనవాళ్ళు ఈ విషయంలో వాళ్ళని చూసి నేర్చుకోవచ్చు.

ట్రూపుల కథల్లో తగువు లేకుండా ఉండదు. 2017లో బాలు విదేశాల్లో కచేరీలు చేస్తుండగా, తన అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా వైపు నుంచి లాయరు నోటీసు వెళ్ళింది. అభిమానులు రెండు జట్లయి కొట్టుకున్నారు. 2019లో ఇద్దరూ మళ్ళీ ఒకే స్టేజీ ఎక్కారు. “గిటారోడు పోయిననాడు నేను గూడ గిట్లనే కోపానికొచ్చిన” అన్నాడు అన్న. “వానికి ఫోన్ చేసి మాట్లాడాలె.” ప్లాను కాగితం మీద ఆ అబ్బాయి నెంబరు రాసుకున్నాడు, ఎందుకో మరి.

ఆఖరిరోజు తామరైపాక్కం. నగరం బయట, తిరువళ్ళూరు జిల్లాలో బాలు తోట. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయారు, మర్నాడు అక్కడే మట్టిలో కలిపారు. అంతకుముందు నెల, బాలు ఆసుపత్రిలో ఉండగా ఇళయరాజా ఒక వీడియోలో కన్నీళ్ళు ఆపుకుంటూ లేచి రమ్మని బతిమాలారు. అది చూడనివాళ్ళు చూడండి. పాత ట్రూపు స్నేహం ఎంతటిదో వ్యాసాలు రాసేవాడి కంటే అదే బాగా చెబుతుంది.

అక్కడ ఏం చేస్తావని అన్నని అడిగాను. “ఏం జేస్త? జరసేపు కూసుంట” అన్నాడు. పూలదండ తీసుకుపోదామంటే వద్దన్నాడు.

ఖర్చు ఇద్దరికీ కలిపి పదివేలు దాటకూడదని వదిన షరతు. స్లీపరు టిక్కెట్లు తీశాం, భోజనాలు మెస్సుల్లో. సిద్దిపేట కుర్రాడు రెండుసార్లు ఫోన్ చేశాడు. మేం తిరిగొచ్చేది ఆదివారం, సోమవారం దాకా ఆగమని అన్న చెప్పాడు. ఆ కుర్రాడు సరేనన్నాడు, ఏ పాటలు బాగా వాయిస్తారని అడిగాడట.