గోరుకు తగిలే గీత



గోల్ఫ్ కర్ర మీద పడ్డ గీతల గురించి రాస్తున్న అంటే మీరు నవ్వుతరు. మన ఊళ్ళల్లో ఆ ఆట ఆడినోళ్ళు లేరు. కానీ ఆ కర్రను దేనితో చేస్తరో, ఇప్పుడు మామిడికి, ఆయిల్ పామ్‌కు వస్తున్న తేలికపాటి కోత గడలను కూడా దానితోనే చేస్తున్నరు. మందు కొట్టే డ్రోన్ల చేతులు కూడా చాలావరకు అదే. గోల్ఫ్ ఆడేటోళ్ళు దాన్ని గ్రాఫైట్ అంటరు, మనకు అమ్మేటోళ్ళు కార్బన్ ఫైబర్ అంటరు. సరుకు మాత్రం ఒక్కటే.

నాకు రెండెకరాల మామిడి ఉంది. ఒకదాంట్లోంచి ఒకటి సాగే కార్బన్ గడ కొన్న. పోయిన కోతలప్పుడు ట్రాలీలో గొర్రు పళ్ళకు ఒరుసుకుని దాని మీద గీతలు పడ్డయి. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఏం కాదు, రంగు పోయింది అంతే" అన్నడు. గడను చూడకుండానే ఎట్ల చెప్పిండో ఆయనకే తెలవాలె. చెట్టు కింద కాయలు పట్టేది నా భార్య, ఇద్దరు కూలోళ్ళు. పైనుంచి గడ విరిగితే పడేది వాళ్ళ మీదనే. అందుకే గీతలు పడ్డ ముక్కను ఊడదీసి, గోనెసంచిలో చుట్టి, భువనగిరి బస్సెక్కిన. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ దిగి, ఆటోలో హబ్సిగూడ మీదుగా నాచారం పోయిన. అక్కడ పారిశ్రామికవాడల ఒక చిన్న షెడ్డుల మా బామ్మర్ది ఫైబర్ పని చేస్తడు.

నేను పోయేసరికి ఆయన బల్ల మీద రెండు గోల్ఫ్ కర్రలున్నయి. సైనిక్‌పురి దిక్కు నుంచి ఒక రిటైర్డ్ ఆఫీసరు సారు పంపిండట. రెంటి మీదా గీతలే. "బావా, నీ గడ సంగతి తర్వాత, ముందు ఇవి చూడు, నీకే అర్థమయితది" అన్నడు.

మొదటి కర్ర చూడటానికి ఘోరంగా ఉంది. తెల్లగా, పొడుగ్గా, ఇరవై గీతలన్న ఉంటయి. గోల్ఫ్ ఆడేటోళ్ళు సంచిలో పద్నాలుగు కర్రల దాకా మోసుకపోతరు. నడుస్తుంటే ఒకదాని ఇనుప తలకాయ ఇంకోదాని కామకు కొట్టుకుంటది. గీతలన్నీ అట్ల వచ్చినయే. రెండో కర్ర కొత్తదాని లెక్క మెరుస్తున్నది. తలకాయకు నాలుగు వేళ్ళ పైన ఒక్కటే గీత, అది కూడా కామ చుట్టూ అడ్డంగ, సగం ఉంగరం లెక్క. "మొదటిది బాగు చేసి ఇస్త. రెండోది కామ మార్చుడే" అన్నడు. నేను ఉల్టా అనుకున్న.

దీనికి కారణం ఆ గొట్టం తయారీలనే ఉంది. సన్నటి కార్బన్ దారాలను ఎపాక్సీ బంకలో తడిపి, జిగట పట్టిన పల్చటి షీట్లు చేస్తరు. వాటిని ఒక ఉక్కు కడ్డీ మీద బీడీ చుట్టినట్టు పొర మీద పొర చుట్టి, పైన టేపు బిగించి, బట్టీల పెట్టి కాలుస్తరు. తర్వాత లోపలి కడ్డీ గుంజేస్తే గొట్టం మిగులుతది. గోడ మందం చాలా చోట్ల ఒక మిల్లీమీటరు అటూఇటూ. దాని మీద రంగు, ఆపైన అద్దం లాంటి వార్నిష్ పూత. బలమంతా దారాలదే, అవి ఎక్కువగా నిలువునా ఉంటయి. నిలువు గీత పడితే దారాల పక్కనుంచి పోతది, తెగేవి తక్కువ. అడ్డంగా పడితే వరుసబెట్టి తెగుతయి. అందులోనూ తలకాయ దగ్గర, క్లాంపు దగ్గర బరువంతా పడేచోట తెగితే ఇంక చెప్పేదేముంది.

మన కామల సంగతి మనకు తెలుసు. తుమ్మ కామ చీలితే చేతికి ముల్లు దిగినట్టు గుచ్చి చెప్తది. వెదురు గడ విరిగే ముందు చిటపటమంటది, విరిగినా పీచు పట్టుకుని వేలాడుతది. ఇనుప గొట్టం వంగుతది. ఈ కార్బన్ వంగినంతసేపు వంగి, తిరిగి నిటారుగ నిలబడుతది. ఎప్పుడన్న సన్నగ చిట్లిన చప్పుడు వినిపిస్తది, ఎక్కువసార్లు అదీ ఉండదు. టప్పున రెండు ముక్కలు! ఆ అంచులు పగిలిన సీసా లెక్క ఉంటయి. గోల్ఫ్ కర్ర ఊపుతుంటే విరిగితే తలకాయ ఎగిరిపోయి ఎవరికన్న తగలొచ్చు.

ఆ ఆటకు కూడా మొదట్ల హికరీ అనే చెట్టు కర్ర కామలే ఉండేవి. ఉక్కు కామలు వచ్చినంక బ్రిటన్ ఆట పెద్దలు 1929లో గాని వాటిని ఒప్పుకోలేదు. గ్రాఫైట్ వచ్చింది 1960ల చివర, 1970ల మొదట్ల. ఉక్కు కామ వంద గ్రాముల పైన తూగితే ఇది యాభై నుంచి ఎనభై గ్రాములు. తేలికదనం విలువ మన హైదరాబాదుకు కొత్త కాదు. అబ్దుల్ కలాం గారు అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని నిమ్స్ డాక్టరు చూసి, కాళ్ళకు మూడు కిలోల ఇనుప పట్టీలతో నడిచే పిల్లల దగ్గరికి ఆయన్ను తీసుకపోయిండు. తర్వాత ఆ పట్టీలు మూడు వందల గ్రాములకు దిగినయి. కలాం గారే చాలా సభల్లో ఈ ముచ్చట చెప్పిండ్రు.

సరే, పరీక్ష ఎట్ల చేసిండో చెప్త. ముందు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టిండు. మురికి మీద ఏదీ తేలదు. తర్వాత గీతకు అడ్డంగా బొటనవేలి గోరు గీసిండు. గోరు జారిపోతే అది వార్నిష్ గీత. గోరు ఆగితే అనుమానం మొదలు. అప్పుడు దూది తీసుకుని దాని మీద రాసిండు. రెండో కర్రకు దూది పీచు పట్టుకుంది, అంటే తెగిన దారం పైకి లేచింది. టార్చిలైటు పక్కనుంచి వేసి భూతద్దంతో చూస్తే నల్లటి నూగు కనిపించింది. ఆఖరుకు రూపాయి బిళ్ళతో కామ పొడుగునా కొట్టుకుంటూ పోయిండు. టక్ టక్ అని వచ్చేది ఆ గీత కాడికి వచ్చేసరికి డబ్ అన్నది, లోపల పొర విడిపోయిందన్నట్టు. పుచ్చకాయ కొట్టి చూసే మనకు ఈ పరీక్ష కొత్తగ నేర్పక్కర్లేదు.

మొదటి కర్ర పని అరగంటల అయిపోయింది. స్పిరిట్‌తో తుడిచి, గీతల మీద సన్నటి బ్రష్‌తో ఎపాక్సీ పల్చగా పూసిండు. ఒకరోజు ఆరినంక వెయ్యి నంబరు వాటర్ పేపర్‌తో నీళ్ళు పోస్తూ మెల్లగ రుద్దుతడట. గట్టిగ రుద్దితే వార్నిష్ పోయి దారాలే తెగుతయి. ఇట్ల పూసుడు అందం కోసమే కాదు, వార్నిష్ పోయిన చోట ఎండ తగిలి బంక పాడవుతది. కానీ ఈ పూతతో తెగిన దారం అతకదు. రెండోదానికి తలకాయ కొద్దిగ వేడి చేసి, మెలి తిప్పకుండా నిటారుగ గుంజి, కొత్త కామ ఎక్కించాలె. "పైన పట్టీ చుట్టి ఇయ్యరాదా" అని అడిగిన. చుడితే పట్టీ అంచు కాడ విరుగుతది అన్నడు.

ఇంక నా గడ. మూడు గీతల్ల రెండు నిలువువి, గోరు జారింది. మూడోది క్లాంపు కూర్చునేచోట, అడ్డంగ. దూది పట్టుకుంది. ఆ ముక్క మార్చుడే అన్నడు. విరగని గడకు మళ్ళ డబ్బులు పెట్టుడు మనసుకు కష్టమే, పెట్టిన. పాత ముక్కను ఇంట్ల దేనికన్న వాడుకుందామని కోయబోతే ఆపిండు. పొడిగా కోస్తే ఆ ధూళి చర్మానికి దురద, ఊపిరితిత్తులకు చెడ్డది. మాస్కు కట్టుకుని, నీళ్ళు పోసుకుంటూ కోయాలెనట. నాకెందుకని అక్కడనే వదిలేసి వచ్చిన.

వచ్చేటప్పుడు బామ్మర్ది ఇంకో మాట చెప్పిండు. దీనికోసమే ఇంత పొడుగు రాసిన. కార్బన్‌ల కరెంటు పారుతది. ప్లాస్టిక్ లెక్క కనిపిస్తది కాబట్టి షాక్ కొట్టదని అనుకుంటం. పైన వార్నిష్ ఉన్నా పదకొండు కేవీ ముందర అది లెక్కకే రాదు. ఇరవై అడుగుల గడ లైన్‌కు తగిలితే ఇనుప పైపు తగిలినట్టే. దగ్గరికి పోయినా చాలు, తగలాల్సిన పని కూడా లేదు. మీ తోటల్లో ఈ గడ గానీ అల్యూమినియం గడ గానీ ఉంటే కూలోళ్ళకు ఈ ఒక్క ముక్క ముందుగాల చెప్పుండ్రి. నేను చదివినోణ్ణే అయినా ఆ షెడ్డుకు పోయేదాక ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, గడతోని వచ్చిన కాగితంల కూడా లేదు.

మా తోటల లైన్ కింద నాలుగు బంగినపల్లి చెట్లున్నయి. ఈసారి లైన్ దిక్కు కొమ్మలు కొట్టించిన. ఆ నాలుగింటిని ఆఖర్న తెంపుతం, లైన్‌మన్‌తో ఎల్.సి. తీసుకున్నంకనే, పొట్టి వెదురు గడతోని.