అక్క లెగ్ స్పిన్

2025 ఫిబ్రవరి 2. కౌలాలంపూర్‌లో అండర్-19 అమ్మాయిల ప్రపంచకప్ ఫైనల్. మన భద్రాచలం పిల్ల గొంగడి త్రిష లెగ్ స్పిన్‌తో 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది. దక్షిణాఫ్రికా 82కే ఆలౌట్. తర్వాత తనే 44 నాటౌట్. కప్పు మనదే!

మ్యాచ్ అవ్వగానే నల్గొండ నుంచి అక్క ఫోన్. "చూసినవారా? నేనూ గట్లనే వేసేదాన్ని గద!"

నిజమే. మా వీధిలో నన్ను ఎక్కువసార్లు ఔట్ చేసింది అక్కే. ఎనిమిదో తరగతిలో "ఆడపిల్లవి, ఇంక చాలు" అని ఇంట్లో ఆట మాన్పించారు. నాకేమో కొత్త బ్యాట్ కొనిచ్చారు. నేను నోరెత్తలేదు.. బ్యాట్ వచ్చిందని సంబరపడ్డా.

ఈ టీమ్ చరిత్ర చాలా చిన్నది లెండి. మగపిల్లల అండర్-19 ప్రపంచకప్ 1988లోనే మొదలైంది. ఆడపిల్లలు 2023 దాకా ఆగాల్సొచ్చింది. ఆ మొదటి ఫైనల్లోనే మనవాళ్ళు ఇంగ్లాండుని 68కి కూల్చి కప్పు పట్టుకొచ్చారు. అందులోనూ త్రిష ఉంది.

"ఆడి ఏం చేస్తవ్?" అని ఇంట్లో అడిగిన రోజున, అదిగో అట్లా ఆడతా అని టీవీలో చూపించడానికి అక్కకి తన ఈడు పిల్లల టీమ్ ఒక్కటీ కనపడలేదు. అక్క కూతురికి కనపడుతోంది. దానికిప్పుడు ఏడేళ్ళు. ఈసారి బ్యాట్ నేను కొనిస్తానన్నా.

బ్యాట్ వద్దట, బంతి కావాలట!