చుట్టుదారే దగ్గరి దారి!

సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం. రాత్రి 11.30కి విమానం బయల్దేరిందనుకుందాం. మళ్లీ నేల మీద కాలు పెట్టేది న్యూయార్క్‌లోనే. మధ్యలో ఆగేది లేదు. 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం... దాదాపు పద్దెనిమిదిన్నర గంటలు!

2020 నవంబరులో న్యూయార్క్‌ జేఎఫ్‌కే విమానాశ్రయానికి ఈ సర్వీసు మొదలైనప్పుడు, ప్రపంచంలో ఇంతకన్నా పొడవైన ప్రయాణికుల విమానమార్గం మరోటి లేదు. అయినా తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్‌ నుంచి దిల్లీ వెళ్లే సమయం కన్నా ఇది తక్కువే. గడియారం చేసే తమాషా మరోటి. వేసవిలో న్యూయార్క్‌ సమయం సింగపూర్‌ కన్నా 12 గంటలు వెనక. ఆదివారం రాత్రి ఎక్కినవాళ్లు దిగేసరికి అక్కడ సోమవారం ఉదయం ఆరు!

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఈ రెండు ఊళ్లనీ కలపండి. దారం బిగించి లాగితే చైనా, మంగోలియా, సైబీరియాల మీదుగా ఉత్తర ధ్రువం పక్కకి వెళ్లి, కెనడా వైపు దిగుతుంది. రెండు నగరాలూ భూగోళానికి ఇటొకటీ అటొకటీ ఉండటమే కారణం. లెక్కప్రకారం ఇదే దగ్గరి దారి.

కానీ పైలట్లు చాలాసార్లు ఆ దారిన పోరు. పసిఫిక్‌ మీదుగా చుట్టు తిరిగి వెళతారు. అప్పుడు దూరం 16,000 కిలోమీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. ఎందుకంటే... పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్‌ స్ట్రీమ్‌ అనే గాలి ప్రవాహం ఉంటుంది. ఒక్కోసారి దాని వేగం గంటకి 200 కిలోమీటర్లు మించుతుంది. ఏటివాలుకి పడవ సాగినట్టు, ఆ గాలి వాటాన విమానం దూసుకుపోతుంది. సమయమూ కలిసొస్తుంది, ఇంధనమూ మిగులుతుంది.

అసలు కథంతా ఇంధనం చుట్టూనే. 2004లో సింగపూర్‌ ఎయిర్‌లైన్స్‌ న్యూయార్క్‌ పక్కనున్న నెవార్క్‌కి నాలుగు ఇంజిన్ల విమానాలు నడిపింది. ఖర్చు తట్టుకోలేక 2013లో ఆపేసింది. 1,65,000 లీటర్ల ఇంధనం పట్టే రెండు ఇంజిన్ల ఎయిర్‌బస్‌ ఏ350 వచ్చాకే, 2018లో మళ్లీ మొదలెట్టింది. బరువు తగ్గించడానికి సీట్లు 161 మాత్రమే ఉంచారు. అదే కంపెనీ మామూలు ఏ350లో 253 మంది ఎక్కుతారు. ఇందులో చౌక తరగతి అసలే లేదు. అంటే... ఒక్క మజిలీ తప్పించుకోవాలంటే జేబుకి బరువే!

శరీరానికీ అంతే. పైలట్లు నలుగురుంటారు కాబట్టి వంతులవారీగా కునుకు తీస్తారు. ప్రయాణికులే జాగ్రత్తపడాలి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే అప్పుడప్పుడూ లేచి నాలుగడుగులు వేయాలి. మంచినీళ్లు తాగుతుండాలి.

తిరుగు ప్రయాణంలోనూ గాలి వాటమే చూస్తారు. అప్పుడు అట్లాంటిక్‌, ఐరోపాల మీదుగా... మళ్లీ తూర్పుకే! అంటే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే దిక్కు. కుమారస్వామి నెమలినెక్కి చేసిన భూప్రదక్షిణ, ఇప్పుడు రానూపోనూ టికెట్‌లోనే అయిపోతోందన్నమాట!