నాపబండ మీద నిమ్మచెక్క

గుంటూరులో మా కొత్త యింటి గోడలు లేచాయి గాని, వంటగట్టు దగ్గర పని ఆగిపోయింది. మా ఆవిడ చీమకుర్తి గెలాక్సీ రాయి కావాలంది. అమ్మ బేతంచెర్ల నాపబండే వేయాలంది. అమ్మ పుట్టిల్లు అటువైపే. అత్తాకోడళ్లిద్దరూ నాతోనే మాట్లాడుతున్నారు. వాళ్లలో వాళ్లకు మాటల్లేవు. చివరికి గెలాక్సీ ముక్క ఒకటి సంచిలో వేసుకుని, అమ్మను వెంటబెట్టుకుని డోన్ వైపు వెళ్లే రైలెక్కాను.

నంద్యాల దాటి బేతంచెర్లలో దిగితే ఎటు చూసినా రాయే. గోడలు రాయి, అరుగులు రాయి, దొడ్డి చుట్టూ కంచె కూడా నిలబెట్టిన బండలే. పాలిష్ పట్టే చోట మేస్త్రి మా తగవు విని నవ్వాడు. నల్లని నాపబండ మీదా, మా గెలాక్సీ ముక్క మీదా నిమ్మచెక్క పిండాడు. కాసేపాగి గుడ్డతో తుడిచాడు. గెలాక్సీ మెరుపు చెక్కుచెదరలేదు. నాపబండ మీద తెల్లని మచ్చ మిగిలింది.

"సున్నపురాయి గద సార్, పులుపుకు తట్టుకోదు. పాలరాయీ అంతే" అన్నాడు.

రాళ్ల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు కొలిచే లెక్కలో నాపరాయిది సుమారు 3, గెలాక్సీది సుమారు 6. ఈమధ్య వస్తున్న క్వార్ట్జ్ పలకలకూ పులుపు భయం లేదు. అయితే వాటిలో రాతిపొడిని అంటించేది రెజిన్ కనుక, పొయ్యి మీది గిన్నె దించి పెడితే కమిలిపోవచ్చు. ధరలో మాత్రం నాపబండే చవక.

అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు బనగానపల్లె మీదుగా బెలుం గుహలకు వెళ్లాం. 3,229 మీటర్ల పొడవున్న గుహ అది! మెట్లు దిగితే లోపల ఒకటే వుక్కపోత. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుందనీ, ఆ నీరే లక్షల యేళ్లుగా సున్నపురాయిని కరిగించి ఈ దారులు తొలిచిందనీ చెప్పాను.

అమ్మ గోడమీద చెయ్యి వేసి నిలబడింది.

"మా అమ్మ గట్టు మీద తెల్లని వలయం వుండేదిరా. చింతపండు పులుసు గిన్నె రోజూ అక్కడే పెట్టేది. అమ్మ పోయాక ఆ యిల్లు అమ్మేశారు. అందుకే ఆ రాయి అడిగాను" అంది.

తిరిగొచ్చాక యింటి నేలంతా నాపబండలు పరిపించాం. గట్టు మీద చీమకుర్తి రాయి వేయించాం. గట్టు చివర జానెడు చోటు మాత్రం నాపబండకు వదలమని మేస్త్రికి చెప్పింది మా ఆవిడే. ఇప్పుడు పులుసు గిన్నె అక్కడే పెడుతున్నారు. వలయం పడడం మొదలైంది. దాన్ని రుద్దవద్దని పనిమనిషికి అత్తాకోడళ్లిద్దరూ కలిసి చెప్పారు.